ముప్పై మిల్లీమీటర్ల పంచాయితీ: మా టీటీని దించాలా వద్దా

మే 11, ఆదివారం

ముందు కారు సంగతి. 2011 ఆడి టీటీ, రెండో తరం, 2.0 టర్బో పెట్రోలు, 211 హార్స్‌పవర్, క్వాట్రో, అంటే నాలుగు చక్రాలకీ పవరు. రెండేళ్ల కిందట బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. ఎన్‌ఓసీ, లైఫ్ ట్యాక్స్, నంబరు మార్చుకోవడం, ఆ గోలంతా ఇక్కడ రాయను, తలుచుకుంటేనే బీపీ వస్తుంది. ఉండేది నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో. రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే ఏరేటర్ల గేర్‌బాక్సులు రిపేరు చేసే షాపు నాది, వారంలో నాలుగైదు రోజులు ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గరికి పోవాలి. షాపుకు వ్యాను ఉంది కానీ సామాను లేని రోజు నేను టీటీలోనే పోతా. షెడ్డులో పెట్టి పూజ చేసుకోవడానికి కొనలేదు కదా.

పోయిన వారం మైపాడు బీచ్ రోడ్డులో సాయంత్రం ఎండలో మా బామ్మర్ది ఒక ఫోటో తీశాడు. డ్రైవర్ వైపు ముందు చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని తీశాడు. కారు నేలకి కరుచుకుని కూర్చున్నట్టు ఎంత బాగుందంటే, రాత్రి ఒంటి గంట దాకా ఫోన్‌లో అదే జూమ్ చేసుకుంటూ పడుకున్నా. పొద్దున్నే లేచి షెడ్డులోకి పోయి చూస్తే ఎడమ వైపు నుంచి మాత్రం అంత బాగా లేదు. టైరుకీ ఫెండర్ (చక్రం పైన రేకు) అంచుకీ మధ్య నాలుగు వేళ్లు దూరుతున్నాయి. బామ్మర్దికి ఫోన్ చేస్తే ఒకటే మాట: "30 మి.మీ. దించెయ్ బావా, స్ప్రింగులు మారిస్తే సరిపోతది, ఒక్క పూట పని."

చెన్నైలో ఒక షాపు వాళ్లని అడిగా. నాలుగు స్ప్రింగుల సెట్టు, బిగించే కూలితో కలిపి చెప్పిన ధర విన్నాక టీ చల్లారిపోయింది. అయినా కొనలేని ధర కాదు, అదే ఇబ్బంది. కొనలేనిదైతే ఈ డైరీ ఉండేది కాదు.

ఒక నియమం పెట్టుకున్నా. కొనే ముందు కొలవాలి. షాపుకు గేర్‌బాక్స్ వచ్చినా ముందు డయల్ గేజి పెట్టి చూసి గానీ బేరింగు విప్పం. సొంత కారుకు వచ్చేసరికి ఫోటో చూసి డబ్బులు కడతానా.

మే 14

టేపు తీసుకుని కూర్చున్నా. నేల నుంచి ఫెండర్ దాకా కొలిస్తే టైరు గాలిని బట్టి లెక్క మారుతుంది కాబట్టి, చక్రం మధ్యలో క్యాప్ నడిబొడ్డు నుంచి ఫెండర్ అంచు దాకా కొలవాలి. ట్యాంకు సగం, లోపల ఎవరూ లేరు.

ముందు ఎడమ 356 మి.మీ. ముందు కుడి 344. వెనక ఎడమ 352, వెనక కుడి 350.

ముందు రెండు చక్రాలకి 12 మి.మీ. తేడా! నేల మెరక పల్లం ఉందేమో అనుకుని కారు బయటికి తీసి, తిప్పి, రివర్సులో అదే చోట పెట్టి మళ్లీ కొలిచా. 355, 344. నేల తప్పు కాదు. డ్రైవర్ ఎప్పుడూ కుడి వైపే కూర్చుంటాడు కాబట్టి పద్నాలుగేళ్లలో ఆ స్ప్రింగు కుంగి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. నేను 86 కిలోలు, ఒప్పుకుంటా. (ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనికే నా పరువు పోయింది.)

కారు పొట్ట కింద అన్నిటికన్నా కిందికి ఉన్నది ఇంజను కింద ప్లాస్టిక్ ట్రే, దాని వెనక పొట్ట ప్యానెళ్లు. నేను ఒక్కడినే కూర్చుంటే నేల నుంచి 121 మి.మీ. మా ఆవిడ, వెనక సీటు అని పిలవబడే ఆ బెంచీలో పాప, ఫుల్ ట్యాంకు, డిక్కీలో సామాను ఉంటే 113. ముప్పై దించితే 91, 83.

మే 18, ఆదివారం

ఇవాళ స్పీడ్ బ్రేకర్ల సర్వే. నవ్వకండి. పొద్దున ఆరింటికే బయల్దేరా, ఎండ ముదిరితే రోడ్డు మీద కూర్చోలేం. ఇంటి నుంచి మా గుంటల దాకా 19 బ్రేకర్లు. ప్రతి దాని దగ్గర బైకు ఆపి, ఆరడుగుల అల్యూమినియం బద్ద దాని మీద పెట్టి, రసమట్టంతో సరిచేసి, రెండు వైపులా నేల దాకా కొలిచా. మూడో ఊళ్లో ఒక పెద్దాయన టీ కొట్టు నుంచి లేచొచ్చి "ఏందబ్బయ్యా, తీసేస్తారా ఏంది? తీసేయొద్దు, ఇక్కడ బడి పిల్లకాయలు దాటతారు" అన్నాడు. తీసేయడానికి కాదని చెప్పినా నమ్మలేదు. నేను వెళ్లేదాకా అక్కడే నిలబడ్డాడు.

పన్నెండు ఏమీ కాదు, 6 నుంచి 8 సెం.మీ. మిగిలిన ఏడే సమస్య: ఒకటి 9, ఒకటి 9.5, రెండు 10, ఒకటి 10.5, రెండు 11. ఎత్తు కన్నా అసలు దరిద్రం వెడల్పు. ఏ ఒక్కటీ మూడడుగులకి మించి లేదు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల ఐఆర్‌సీ 99 మార్గదర్శకాల ప్రకారం గుండ్రటి బ్రేకరు 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, 17 మీటర్ల వ్యాసార్ధంతో ఉండాలి, 25 కి.మీ. వేగంలో హాయిగా దాటేట్టు. టీటీ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2.468 మీటర్లు. అంత వెడల్పు బ్రేకరు నడిమధ్యలో కారు ఉన్నప్పుడు నాలుగు చక్రాలూ బ్రేకరు మీదే ఉంటాయి, కారు కూడా దాంతోపాటే పైకి లేస్తుంది. సగం దూరం 1.234, దాని వర్గాన్ని రెండు పదిహేడులతో, అంటే 34తో భాగిస్తే 0.0448. అంటే పొట్ట కింద తగ్గేది 45 మి.మీ. మాత్రమే. ముప్పై దించిన కారు కూడా 46 మి.మీ. గాలి మిగుల్చుకుని దర్జాగా దాటుతుంది.

మా ఊళ్ల బ్రేకరు అలా కాదు. మూడడుగుల మట్టి గట్టు మీద తారు పోసినట్టుంటుంది. ముందు చక్రాలు దిగిపోయాక, వెనక చక్రాలు ఎక్కక ముందు, అది మొత్తం కారు పొట్ట కిందే ఉంటుంది. 10 సెం.మీ. ఎత్తుంటే పదికి పదీ పోతుంది. అంటే రూలు ప్రకారం కట్టిన పది సెంటీమీటర్ల బ్రేకరు నాకు సమస్యే కాదు, రూలు లేకుండా కట్టిన తొమ్మిదిన్నర సెంటీమీటర్లది పొట్ట కోస్తుంది. రోడ్డుకి అడ్డంగా ఏటవాలుగా దాటితే కొంత నయం, ముందు లిప్పు (బంపరు కింది అంచు) బతుకుతుంది. కానీ ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తుంటే ఏటవాలు యాడ నుంచి వస్తుంది?

లెక్క ప్రకారం 91 మి.మీ. దగ్గర ఆరు బ్రేకర్లు తగులుతాయి. కానీ కారు దూకుతుంది, కుంగుతుంది, కాగితం మీద లెక్క కాగితం మీదే. నిజంగా దించకుండా దించి చూడటం ఎట్లా అని రోజంతా ఆలోచించా.

మే 20

దొరికింది. రొయ్యల పెట్టె.

గుంటల దగ్గర ఐసు వేసి రొయ్యలు పంపే థర్మాకోల్ పెట్టెలు విరిగినవి గుట్టలుగా పడుంటాయి. పెట్టె గోడ మందం మీద గీతలు గీసి, యాక్సా బ్లేడుతో సరిగ్గా 30 మి.మీ. ముక్కలు కోశా. వాటిని కారు అడుగున అతికిస్తే, అవి తగిలిన చోటల్లా రేపు దించిన కారు తగులుతుంది. ముక్క ఎంత అరిగితే అంత లోతున నా ప్లాస్టిక్కో అల్యూమినియమో గీరుకున్నట్టు. కారుకు దెబ్బ లేదు, ఖర్చు లేదు.

మొదటి ప్రయత్నం వెధవ పని అయింది. చెప్పులకి వాడే రబ్బరు జిగురు రాశా, పది నిమిషాల్లో థర్మాకోల్ ఐస్‌క్రీం లాగా కరిగి జిగురులో కలిసిపోయింది. ఆ జిగురులో ఉండే సాల్వెంట్ థర్మాకోల్‌ని తినేస్తుంది, పెట్రోలు పోసినా అంతే. ఏరేటర్ ఫ్లోట్లకి ప్యాచులు వేసే వాణ్ణి, నాకు తెలిసుండాల్సింది. రెండోసారి మందపాటి డబుల్ సైడ్ టేపు, చుట్టూ సిలికాన్. రాత్రంతా ఆరనిచ్చా.

ముక్కలు ఎనిమిది: ముందు లిప్పు కింద రెండు, ఇంజను ట్రే కింద రెండు, పొట్ట కింద ఎడమ కుడి ఒక్కోటి, వెనక రెండు. సైలెన్సర్ గొట్టం దగ్గర పెట్టలేదు, కరిగి కారిపోతుంది. ప్రతి ముక్క మీద మార్కర్‌తో 10, 20 దగ్గర గీతలు.

నాన్న వచ్చి కారు కిందికి తొంగి చూశాడు. "కారుకి తేలే బెండ్లు కట్టినావా? పెన్నలో దించుతుండావా ఏంది?" అన్నాడు. నిజానికి వాన పడితే మా అండర్‌బ్రిడ్జీల్లో అవి పనికొచ్చేట్టే ఉన్నాయి.

మే 30

రోహిణి కార్తె. బయట కాలు పెడితే కాలిపోతుంది, అయినా రోజూ అదే దారి. పది రోజులు, 410 కి.మీ. మైపాడు రోడ్డు, ఒకసారి ఎన్‌హెచ్ 16 మీద కావలి, రెండుసార్లు ట్రంకు రోడ్డు ట్రాఫిక్, రోజూ రెండు పూటలా మా ఇంటి గేటు ర్యాంపు.

పొట్ట కింద ఎడమ ముక్క మొదటి రోజే పోయింది. 11 సెం.మీ. బ్రేకరు దగ్గర, నేను ఒక్కడినే ఉన్నా, పది కన్నా తక్కువ స్పీడు, అయినా కర్ర్ అని ఒక శబ్దం, అద్దంలో చూస్తే రోడ్డు మీద తెల్లటి ముక్క దొర్లుతోంది. కుడిది పది రోజులు నిలబడింది కానీ 22 మి.మీ. అరిగి, చెక్కలా నున్నగా అయింది. ట్రే కింద రెండూ 14, 17. ముందు లిప్పు ఎడమది మా ఇంటి దగ్గరే ఊడింది. సైడు కాలువ మీద ర్యాంపు కట్టించినప్పుడు నేనే మేస్త్రీతో "కొంచెం ఎత్తుగా పెట్టు, వాన నీళ్లు రాకుండా" అన్నా, అనుభవించాలి. వెనకవి రెండూ కొత్తవాటిలా ఉన్నాయి. కావలి వెళ్లొచ్చిన రోజు ఏమీ తగల్లేదు. హైవే మీద బతికేవాడైతే ఇంత ఆలోచించక్కర్లేదు, దించేసుకోవచ్చు.

బామ్మర్దికి ఫోటోలు పంపితే "అయితే కాయిలోవర్లు వేయించు బావా, కావాల్సినప్పుడు లేపుకోవచ్చు" అన్నాడు. ఎత్తు మార్చుకునే వీలున్న స్ప్రింగు, షాకుల సెట్టు అది. లేపుకోవచ్చు, నిజమే. చక్రాలు విప్పి, కాలర్ రింగు స్పానర్‌తో తిప్పి, మళ్లీ అలైన్‌మెంటు చేయించాలి, ఎందుకంటే ఎత్తు మారినప్పుడల్లా టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం), క్యాంబర్ (చక్రం పక్కకి వాలే కోణం) రెండూ మారతాయి. ఆదివారం దించి సోమవారం లేపడానికి ఇదేమన్నా లుంగీనా?

జూన్ 3

ఇది అడుగు తగలడం గురించి కాదు, స్ప్రింగు ఎంత నొక్కుకుంటుందో దాని గురించి. నాకు ఇదే ఎక్కువ ఆసక్తి, చదివేవాళ్లకి విసుగైతే కింది ఎంట్రీకి పోండి.

షాక్ అబ్జార్బర్ రాడ్డుకి పైన ఒక పసుపు రంగు ఫోమ్ ముక్క ఉంటుంది, బంప్ స్టాప్. గుంత పెద్దదైతే షాక్ బాడీ పైకి వచ్చి దానికి కొట్టుకుంటుంది. అక్కడి దాకా స్ప్రింగు పని, ఆ తర్వాత ఆ ఫోమ్ పని, అదీ అయిపోతే నా నడుం పని. మా కారు అసలు ఎంత ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదిలే దూరం) వాడుతోందో చూడటానికి ఎడమ ముందు చక్రం విప్పా (షెడ్డులో కుడి వైపు గోడ, జాకీ పట్టదు), దుమ్ము రాకుండా ఉండే బూటు పైకి జరిపి, రాడ్డుకి ఒక సన్నటి కేబుల్ టై కట్టి షాక్ బాడీ దాకా కిందికి తోశా. కారుని జాకీ మీంచి దించితే షాక్ బాడీ ఆ టైని రాడ్డు మీద పైకి నెడుతుంది, ఎక్కడిదాకా నెట్టిందో అక్కడే ఉండిపోతుంది.

కారు కదపకుండా జాకీ మీంచి దించి, మళ్లీ లేపి కొలిస్తే టై 68 మి.మీ. జరిగింది. అంటే చక్రం గాల్లో వేలాడటానికీ కారు మామూలుగా నిలబడటానికీ తేడా 68. బంప్ స్టాప్ అంచు 114 దగ్గర ఉంది. 114 లోంచి 68 తీస్తే 46. మామూలు ఎత్తులో స్ప్రింగుకి దొరికే ఖాళీ అదే. తర్వాత గుంటల దాకా పోయొచ్చి కొలిస్తే టై 121 దగ్గర ఉంది. అంటే వాడింది 53, అందులో చివరి 7 ఫోమ్‌లోకి దూరి.

కంపెనీ ఎత్తులోనే నా కారు అప్పుడప్పుడు బంప్ స్టాప్ దాకా పోయి కొట్టుకుంటోంది! ముప్పై దించితే 46 కాస్తా 16 అవుతుంది. స్ప్రింగు దాచుకునే శక్తి దాని గట్టిదనం ఇంటూ నొక్కుకున్న దూరం వర్గం, అందులో సగం. అదే గుంతని 46లో కాకుండా 16లో మింగాలంటే 46ని 16తో భాగించి వర్గం చేయాలి: ఎనిమిది రెట్లకు పైనే. షాకులు కొంత మింగుతాయి, ఫోమ్ కొంత మింగుతుంది, కాబట్టి ఈ లెక్క మొరటుదే. అయినా దించే స్ప్రింగులు మామూలు వాటికన్నా పావు వంతో మూడో వంతో గట్టిగా ఉంటాయి గానీ ఎనిమిది రెట్లు ఎక్కడుంటాయి. మిగతాదంతా ఫోమ్ మీద పడుతుంది. "దించాక కారు భలే స్టిఫ్‌గా ఉంది" అని మురిసిపోయేవాళ్లు చాలామంది బంప్ స్టాప్ మీద తోలుతున్నారని నా అనుమానం.

ఇంకోటి కూడా ఉంది. ముందు చక్రాలకి ఉండే మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ షాకూ కలిసిన నిలువు కాలు) అమరికలో లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది వైపు కారుకి కలిపే చెయ్యి) ఇప్పుడు దాదాపు నేలకి సమాంతరంగా ఉంది. కారు దిగితే దాని చక్రం వైపు కొస పైకి లేస్తుంది, దాంతో కారు ఒరగడానికి ఇరుసులా పనిచేసే రోల్ సెంటర్ కారు బరువు కేంద్రం కన్నా ఎక్కువ కిందికి జారుతుంది. బరువు కిందికొచ్చింది కదా మలుపులో ఒరగదులే అనుకుంటాం, కానీ ఆ బరువుకీ రోల్ సెంటర్‌కీ మధ్య దూరం పెరిగి ఒరిగించే బలం పెరుగుతుంది. గట్టి స్ప్రింగు దాన్ని కప్పిపుచ్చుతుంది, అంతే.

జూన్ 16

ఆటోనగర్‌లో పిట్ (కారు కింద నిలబడి పని చేసే గొయ్యి) ఖాళీ ఉందంటే పోయా. కుడి వైపు కూడా కేబుల్ టై కట్టి చూద్దామని, ఎలాగూ పిట్‌లో నాలుగు చక్రాల మీద నిలబడి ఉంటుంది కాబట్టి లోయర్ ఆర్మ్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌లు కూడా చూడొచ్చని. మెకానిక్ భాయ్ టార్చి పట్టుకుని కుడి ముందు చక్రం వెనక తల పెట్టాడు. ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత లోపల్నుంచే గొంతు:

"అన్నా, నువ్వు దించేదేంది, ఇది ఎప్పుడో దిగింది."

స్ప్రింగు అడుగు చుట్టు విరిగింది. దాదాపు అర చుట్టు ముక్క కింది పళ్లెంలోనే పడుంది, విరిగిన కొస తుప్పు పట్టి ఎర్రగా ఉంది, అంటే నిన్నా మొన్నా విరిగింది కాదు. అడుగు చుట్టు దగ్గర మట్టి, నీళ్లు నిలుస్తాయి, రాయి తగిలి పెయింటు లేస్తే అక్కడ తుప్పు మొదలై ఒక రోజు టక్కున తెగుతుంది. నేను రోజూ తిరిగేది సముద్రం గాలిలో, ఉప్పు నీళ్లు కారే గుంటల గట్ల మీద. భాయ్ తప్పు నాదే అన్నట్టు చూశాడు. ఆ కొస ఇంకొంచెం పక్కకి జారి ఉంటే టైరు లోపలి గోడని కోసేదే. ఎన్‌హెచ్ మీద వంద స్పీడులో అది జరిగి ఉంటే అనే ఆలోచన ఇప్పటికీ వదల్లేదు.

ఇప్పుడు 344 ఎందుకో అర్థమైంది. నా 86 కిలోలకి దాంతో సంబంధం లేదు.

అసలు నవ్వొచ్చే సంగతి ఇంటికొచ్చాక తట్టింది. నన్ను ఒంటి గంట దాకా మేలుకోబెట్టిన ఆ ఫోటో కుడి ముందు చక్రం వైపు నుంచి తీసింది. నేను ముచ్చటపడింది విరిగిన స్ప్రింగుని చూసి. కారు పిట్ పక్కనే వదిలేసి బస్సులో వచ్చా.

జూన్ 18

స్ప్రింగులు ఎలాగూ కొనాలి, ముందు రెండూ జతగా. భాయ్ కూడా "విప్పుతున్నాం గదా అన్నా, దించే సెట్టే ఏసేద్దామా, కూలి ఒక్కసారే" అన్నాడు. ఇంత కొలిచాక కూడా రెండు రోజులు ఊగిసలాడా. కూలి కలిసొస్తుందంటే మనిషి బుద్ధి ఎలా వంగుతుందో చూడాలి.

రూలు సంగతి కూడా చూశా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండి మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణలో ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అని సెక్షన్ 182ఏలో పెట్టారు. ఎస్సై గారు టేపు పెట్టి కొలుస్తాడని కాదు, యాక్సిడెంటు అయితే ఇన్సూరెన్స్ సర్వేయర్ కొలుస్తాడు.

ఆడి వాళ్లే ఎస్ లైన్ అని 10 మి.మీ. తక్కువ సస్పెన్షన్ ఇచ్చేవాళ్లు ఈ కారుకి. ఒక పూట దాని మీద మనసు పోయింది. పది దించినా ఎడమ ముందు స్ప్రింగు ఖాళీ 46 నుంచి 36కి వస్తుంది, పొట్ట 111కి. రెండు బ్రేకర్లు 110. నేను ఊపిరి బిగబట్టుకుంటే దాటుతుంది. వద్దు.

కాబట్టి కంపెనీ ఎత్తు స్ప్రింగులు ముందు జత, నాలుగు షాకులు. బిల్‌స్టైన్‌లో బీ4 కంపెనీ షాక్ లాంటిది, బీ6 అదే ఎత్తుకి గట్టిది, బీ8 దించిన కార్ల కోసం పొట్టిది. బీ6 మీద ఆశ ఉంది కానీ వచ్చే రొయ్యల పట్టుబడి దాకా చేతిలో అంత లేదు, రైతుల దగ్గర బాకీలు అప్పుడే వస్తాయి. బీ4 ఆర్డరు పెట్టా. స్ప్రింగు ఆర్డరు పెట్టేటప్పుడు జాగ్రత్త: ఒకే మోడల్‌కి బరువుని బట్టి రకరకాల స్ప్రింగులు ఉంటాయి, డిక్కీ లోపల అడుగున ఉండే స్టిక్కరు మీద పీఆర్ కోడ్ (కారుకి ఏ రకం పార్టు వేశారో చెప్పే కంపెనీ కోడ్) చూసి చెప్పాలి. నేను స్టిక్కరు ఫోటోనే పంపా.

జూన్ 29, ఆదివారం

బిగించాం. ఎక్కువ రాయను, రెండు మూడు ముక్కలు మాత్రం.

ఈ కారులో స్ట్రట్ అడుగు కొస, చక్రాన్ని మోసే లోహపు దిమ్మ నకుల్‌లో బిగుతుగా దూరి, బోల్టుతో నొక్కిపట్టి ఉంటుంది. బోల్టు తీసినా రాదు. ఆ చీలికలో కోలగా ఉండే స్ప్రెడర్ బిట్టు పెట్టి తొంభై డిగ్రీలు తిప్పితే నోరు తెరుచుకుంటుంది. భాయ్ దగ్గర అది లేదు, సుత్తి ఉంది. సుత్తి ఎత్తక ముందే ఆపి, షాపుకి పోయి పాత అలెన్ కీ కొసని గ్రైండర్ మీద 5.5 బై 8 మి.మీ.కి అరగదీసి తెచ్చా. చేత్తో తిప్పితే టక్ అని తెరుచుకుంది. భాయ్ దాన్ని జేబులో వేసుకున్నాడు, మళ్లీ ఇవ్వలేదు.

స్ప్రింగు కంప్రెసర్ దగ్గర మాత్రం ఆటలు వద్దు, నొక్కిన స్ప్రింగు జారితే దవడ పగులుతుంది. ఇద్దరం పక్కకి నిలబడే తిప్పాం. స్ట్రట్ పైకొసన ఉండే టాప్ మౌంటు బేరింగులు కూడా కొత్తవి వేశాం, పాతది తిప్పితే ఇసుక నలిగినట్టు చప్పుడు. ఇక రబ్బరు బుష్‌లున్న బోల్టులు కారు గాల్లో ఉన్నప్పుడు ఫుల్ టైట్ చేయకూడదు. రబ్బరు ఆ వేలాడే కోణంలో బిగుసుకుని, కారు దించగానే మెలితిరిగి తొందరగా చిరుగుతుంది. చక్రాల మీద నిలబెట్టి అప్పుడు బిగించాలి. భాయ్‌కి ఇది నచ్చలేదు, పిట్‌లోకి రెండోసారి దిగాల్సొచ్చింది కాబట్టి. ఒకసారి వాడితే సాగిపోయే బోల్టులన్నీ కొత్తవి వేశాం.

జూలై 6

అలైన్‌మెంటు అయింది. ముందు టో సరిచేశారు, ముందు క్యాంబర్‌కి విడిగా సర్దుబాటు లేదు, సబ్‌ఫ్రేమ్ (లోయర్ ఆర్ములు బిగించే కింది చట్రం) కాస్త జరిపి రెండు వైపులా సమానం చేశారు. స్టీరింగ్ ఎడమకి లాగడం పోయింది. అది రోడ్డు వాలు అనుకుంటూ రెండేళ్లు తోలా.

ఎత్తులు: ముందు రెండూ 357. కుడి 13 మి.మీ. లేచింది. కొత్త స్ప్రింగులు కొన్ని వారాల్లో రెండు మూడు మి.మీ. కుంగుతాయి, మళ్లీ కొలుస్తా. ఎడమ వైపు కేబుల్ టై అదే దారిలో, అదే 19 బ్రేకర్ల మీద: వాడింది 44, ఫోమ్ దాకా పోలేదు. పాత షాకులు ఎంత చచ్చిపోయాయో బయటికి తీసి చేత్తో నొక్కితే తెలిసింది, ఒకటి నొక్కితే నొక్కినట్టే ఉండిపోయింది, పైకి రాలేదు. మలుపులో ఒరుగుతోంది, దించాలి అనుకున్నదాంట్లో సగం పైగా ఈ షాకుల పుణ్యమే.

సాయంత్రం మైపాడు రోడ్డుకి పోయి అదే చోట కారు ఆపి, అదే మూల నుంచి బామ్మర్దితో ఫోటో తీయించా. వాడు రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏంది బావా, ఇంత ఖర్చు పెట్టి ఎత్తు పెంచావా?"

నాలుగు వేళ్లు ఇప్పుడు రెండు వైపులా దూరుతున్నాయి. పొట్ట కింద సిలికాన్ మరకలు ఇంకా పోలేదు, వెనక రెండు థర్మాకోల్ ముక్కలు గట్టిగా అతుక్కుని ఉన్నాయి, వాటిని బ్లేడుతో కోయాలి. విరిగిన స్ప్రింగు ముక్క షాపులో టేబుల్ మీద బిల్లుల కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకున్నా, ఏసీ గాలికి పనికొస్తోంది.